పాచికలతో వాక్య నిర్మాణము

ఎండాకాలపు సెలవులలో మా ఇంట పిల్లలము ఆడుకునే ఆట ఒకటి ఉండేది. మూడు ఖాళీ డబ్బాలు తీసుకునేవాళ్ళము. మొదటి డబ్బాకు 'ఎవరు', రెండవ దానికి 'ఎక్కడ', మూడవ దానికి 'ఏమి చేశారు' అనే ప్రశ్నలకు జవాబులు చిన్న చిన్న చీటీల మీద రాసి, మడిచి వేసేవాళ్ళము. తరువాత కళ్ళు మూసుకుని ఒక్కొక్క డబ్బా నుంచి ఒక్కొక్క చీటీ తీసి వరసగా పైకి చదవాలి. తాతగారు చింతచెట్టు మీద బట్టలు ఉతికేవారు. పోస్టుమాను బావిలో నిద్రపోయేవాడు. ఇల్లంతా నవ్వులే నవ్వులు.

ఒకసారి వచ్చిన చీటీలు ఇవి: 'దూడ', 'పోస్టాఫీసులో', 'ఉత్తరము చదివాడు'. చీటీలు తీసిన మా చెల్లెలు ఒక్క క్షణమైనా ఆగకుండా, 'దూడ పోస్టాఫీసులో ఉత్తరము చదివింది' అని చదివింది. చీటీ మీద ఉన్నది 'చదివాడు', నోటి నుంచి వచ్చినది 'చదివింది'. ఆ దిద్దుబాటు ఆమెకు ఎవరూ నేర్పలేదు. మాలో ఎవరమూ దాన్ని గమనించలేదు కూడా. దూడ ఉత్తరము చదవడము మాకు నవ్వు తెప్పించింది. 'దూడ చదివాడు' అనడానికి మాత్రము నోరే తిరగలేదు.

ఇప్పుడు మా చెల్లెలి స్థానంలో ఒక యంత్రము ఉన్నదనుకుందాము. అది చీటీ మీద ఏముంటే అదే చదువుతుంది. దానికి తప్పు దిద్దుకోవడము తెలియదు. దానిచేత 'దూడ చదివింది' అనిపించాలంటే, మా చెల్లెలు ఆలోచించకుండా చేసిన పనిని మనము మాటలలో పెట్టి, నియమముగా రాసి ఇవ్వాలి. ఆ నియమాలు రాయబోయినవారికి తమ మాతృభాష తమకు ఎంత తెలుసో, తెలిసినదానిలో ఎంత చెప్పగలరో అప్పుడు తెలిసివచ్చింది. చూడడానికి పిల్లల ఆటవలె ఉండే ఈ ప్రయత్నానికి దాదాపు మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉన్నది.

నియమము లేని యంత్రము

ఈ చరిత్ర ఒక పరిహాసముతో మొదలవుతుంది. జోనథన్ స్విఫ్ట్ 1726లో ప్రచురించిన 'గలివర్ యాత్రలు' అనే గ్రంథంలో లగాడో అనే ఊహానగరము ఉన్నది. అక్కడి విద్యాపరిషత్తులో ఒక పండితుడు ఇరవై అడుగుల చతురస్రపు చట్రము ఒకటి తయారు చేశాడు. దానిలో పాచికలంత చెక్కముక్కలు సన్నని తీగలతో గుచ్చబడి ఉన్నాయి. ఆ ముక్కల మీద అతికించిన కాగితాలపై ఆ దేశభాషలోని మాటలన్నీ రాసి ఉన్నాయి. చట్రము చుట్టూ నలభై ఇనుప పిడులు. నలభైమంది విద్యార్థులు పిడులు ఒక్కసారి తిప్పగానే మాటల వరస అంతా మారిపోతుంది. ముప్పైఆరుమంది ఆ వరసలు చదువుతారు. ఎక్కడైనా మూడు నాలుగు మాటలు కలిసి వాక్యములో భాగముగా కనబడితే, మిగిలిన నలుగురు వాటిని రాసుకుంటారు. ఈ విధంగా చదువు లేనివాడైనా సర్వశాస్త్రాల మీద గ్రంథాలు రాయవచ్చునని ఆ పండితుని నమ్మకము.

స్విఫ్ట్ వేళాకోళానికే రాసినా, ఈ యంత్రంలోని లోపము శాస్త్రదృష్టితో చూడదగినది. దీనిలో యాదృచ్ఛికత ఉన్నది గాని నియమము లేదు. వెయ్యి మాటలున్న భాషలో అయిదు మాటల వరసలు ఒకటి పక్కన పదిహేను సున్నాలు పెట్టినంత సంఖ్యలో ఉంటాయి. వాటిలో వాక్యాలనదగినవి బహు కొద్ది. ఆ కొద్దిని ఏరే పని యంత్రము చేయడము లేదు, పక్కన కూర్చున్న ముప్పైఆరుమంది పిల్లలు చేస్తున్నారు. అనగా వ్యాకరణము చట్రంలో లేదు, పిల్లల తలలలో ఉన్నది.

నియమమే చట్రమైన యంత్రము

ఆ వ్యాకరణాన్ని యంత్రంలోపలికి చేర్చినవాడు ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటరుకు చెందిన జాన్ క్లార్కు. ఈయన సుమారు పదిహేను సంవత్సరాలు శ్రమించి 'యురేకా' అనే యంత్రాన్ని నిర్మించి, 1845లో లండనులోని ఈజిప్షియన్ హాలులో ప్రదర్శించాడు. అది నిమిషానికి ఒకటి చొప్పున లాటిన్ పద్యపాదాలు కూర్చేది. లాటిన్‌లో హెక్సామీటరు అనే ఛందస్సులో పాదానికి ఆరు గణాలుంటాయి. దాదాపు మన పద్యాలలో గురులఘువులను చూసినట్లే, అక్కడా అక్షరాల హ్రస్వదీర్ఘాలను చూడవలసి ఉంటుంది.

క్లార్కు చేసిన ఉపాయము సులభమైనది. పాదానికి ఆరు మాటలు. మొదటిది విశేషణము, రెండవది నామవాచకము, మూడవది క్రియావిశేషణము, నాలుగవది క్రియ, అయిదవది నామవాచకము, ఆరవది విశేషణము. ఒక్కొక్క స్థానంలో వచ్చే మాటలన్నీ ఒకే గురులఘు క్రమము కలవి, వ్యాకరణరీత్యా ఒకే రూపము కలవి. కాబట్టి ఏ మాట పక్కన ఏ మాట వచ్చినా ఛందస్సు చెడదు, అన్వయము చెడదు. ప్రతి స్థానానికి పదేసి మాటలే ఉన్నా పది లక్షల పాదాలు వస్తాయి. ప్రతి పాదమూ శుద్ధమైనదే.

లగాడో చట్రముతో పోలిస్తే ఇది గొప్ప ముందడుగు. కాని దీనికి ఒక పరిమితి ఉన్నది. ఇందులో ఒక మాట మరొక మాటతో సంప్రదించనక్కరలేదు. తగాదా రాగల మాటలను క్లార్కు ముందే ఏరివేశాడు. మన చీటీల ఆటలో మొదటి డబ్బాలో మగవారి పేర్లే వేసినట్లన్నమాట. అప్పుడు 'చదివాడు' ఎప్పుడూ తప్పు కాదు. అయితే భాషలో సగభాగము ఆటలో నుంచి తొలగిపోయింది.

కంప్యూటరు రాసిన ప్రేమలేఖలు

మరి నూరేళ్ళకు ఈ పని చెక్క, తీగల నుంచి విద్యుత్ పరికరాలకు మారింది. 1952లో మాంచెస్టరు విశ్వవిద్యాలయంలో ఫెరాంటీ మార్క్ 1 అనే కంప్యూటరు ఉండేది. ఆలన్ ట్యూరింగు కోరిక మేరకు దానిలో యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించే ఏర్పాటు ఒకటి చేర్చారు. హారో పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసిన క్రిస్టఫర్ స్ట్రేచీ ఆ ఏర్పాటును ఉపయోగించి ఒక ప్రోగ్రాము రాశాడు. అది ప్రేమలేఖలు రాసేది! లేఖ చివర సంతకము 'ఎం.యు.సి.', అనగా మాంచెస్టరు విశ్వవిద్యాలయ కంప్యూటరు.

స్ట్రేచీ నియమాలు రెండే. ఒక వాక్యము 'నా' అనే మాటతో మొదలై విశేషణము, నామవాచకము, క్రియావిశేషణము, క్రియ, 'నీ' అనే మాట, మళ్ళీ విశేషణము, నామవాచకము అనే క్రమంలో నడుస్తుంది. రెండవ రకము వాక్యము 'నీవు నా' అని మొదలై ఒక విశేషణముతో, నామవాచకముతో ముగుస్తుంది. మాటలను యంత్రము యాదృచ్ఛికంగా ఎంచుకుంటుంది. 1954లో 'ఎన్‌కౌంటర్' పత్రికలో రాసిన వ్యాసంలో స్ట్రేచీ ఈ పథకమును బయటపెట్టాడు. అంత చిన్న పథకము నుంచి అంత వైవిధ్యము రావడమే అందులోని విశేషము.

1959లో జర్మనీలోని స్టుట్‌గార్టులో థియో లూట్జ్ అనే విద్యార్థి జూసె జడ్-22 కంప్యూటరు మీద ఇటువంటి ప్రయోగమే చేశాడు. ఫ్రాంజ్ కాఫ్కా నవల 'దుర్గము' నుంచి పదహారు కర్తలను, పదహారు విధేయాలను తీసుకున్నాడు. జర్మను భాషలో నామవాచకాలకు మూడు లింగాలున్నాయి. ముందు వచ్చే 'ఒక', 'ప్రతి' వంటి మాటల రూపము ఆ లింగాన్నిబట్టి మారుతుంది. క్లార్కు తప్పించుకున్న తగాదా ఇక్కడ తప్పలేదు. ఒక మాటను ఎంచుకున్న తరువాత దాని పక్క మాట రూపాన్ని దిద్దవలసి వచ్చింది. మా చెల్లెలు నోటితో చేసిన దిద్దుబాటు యంత్రానికి మొదటిసారి అవసరమైన సందర్భాలలో ఇది ఒకటి.

రెండు దారులు

ఇదే కాలంలో వ్యాకరణముతో పని లేకుండా వాక్యాలు కూర్చే దారి మరొకటి కనబడింది. రష్యన్ గణితజ్ఞుడు ఆంద్రే మార్కోవ్ 1913లో పుష్కిన్ కావ్యము 'యెవ్గేనీ అనేగిన్' నుంచి 20,000 అక్షరాలు తీసుకుని అచ్చులను, హల్లులను లెక్కపెట్టాడు. అచ్చు తరువాత మళ్ళీ అచ్చు వచ్చే అవకాశము నూటికి సుమారు 13, హల్లు తరువాత అచ్చు వచ్చే అవకాశము నూటికి సుమారు 66 అని తేల్చాడు. 1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ ఈ ఆలోచనను మాటలకు వర్తింపజేశాడు. ఒక మాట తరువాత ఏ మాట ఎంత తరచుగా వస్తుందో పుస్తకాలలో చూసి, ఆ ప్రకారము యాదృచ్ఛికంగా మాటలను పేర్చుకుంటూ పోతే, అచ్చము ఇంగ్లీషు వలె వినబడే వరసలు వస్తాయి. కాని రెండు మూడు మాటల దాకా బాగుండి, ఆపైన తోవ తప్పుతాయి.

నోమ్ చోమ్‌స్కీ 1956లో ప్రకటించిన పరిశోధన పత్రంలో ఇందుకు కారణము చూపాడు. వాక్యములో సంబంధము ఉన్న మాటలు ఎప్పుడూ పక్కపక్కనే ఉండవు. 'రైతు, నిన్న సంతలో కొన్న ఎద్దులు పొలములో పడుకుంటే, కోపగించాడు' అనే వాక్యములో 'రైతు'కు 'కోపగించాడు'కు మధ్య మరొక వాక్యమే ఇమిడి ఉన్నది. ఆ మధ్యభాగాన్ని ఎంతైనా పెంచవచ్చును. వెనుకటి ఒకటి రెండు మాటలను మాత్రమే చూసే యంత్రానికి ఈ సంబంధము అందదు. అందుకు ఆయన సూచించిన మార్గము, వాక్యమును భాగాలుగా, ఆ భాగాలను ఉపభాగాలుగా విడదీసే నియమాల పట్టిక. మరుసటి ఏడు వచ్చిన గ్రంథంలో, రంగు లేనివీ పచ్చనివీ అయిన ఆలోచనలు కోపంగా నిద్రపోతాయనే భావము గల ఒక వాక్యాన్ని ఉదాహరించి, అర్థము లేకపోయినా వాక్యము వ్యాకరణరీత్యా శుద్ధము కావచ్చునని వాదించాడు. మా దూడ ఉత్తరము చదివినట్లే!

ఇటువంటి నియమాలనే జాన్ బాకస్ 1959లో కంప్యూటరు భాషల కోసము ప్రతిపాదించగా, పీటర్ నౌర్ 1960లో 'ఆల్గాల్ 60' నివేదికలో వాడాడు. దీనికి బాకస్-నౌర్ పద్ధతి అని పేరు వచ్చింది. 1967లో పీటర్ ఇంగర్‌మన్ అనే ఆయన ఒక సాంకేతిక పత్రికకు లేఖ రాస్తూ, ఇటువంటి శక్తి గల సంకేత పద్ధతిని పాణిని ఏనాడో వాడాడు కనుక దీనిని 'పాణిని-బాకస్ పద్ధతి' అనడము న్యాయమని సూచించాడు. అష్టాధ్యాయిలో దాదాపు 4,000 సూత్రాలున్నాయి. ఉన్న రూపాలను వర్ణించి ఊరుకోక, రూపాలను పుట్టించే విధంగా అవి కూర్చబడ్డాయి. సమబలము గల రెండు సూత్రాలు ఒకచోట తగాదా పడితే తరువాతి సూత్రమే నెగ్గుతుందని చెప్పే సూత్రము కూడా అందులో ఉన్నది. నియమాలు రాసేవాడు నియమాల మధ్య వచ్చే తగవులకు తీర్పు కూడా రాసిపెట్టాలని అంత పూర్వమే గుర్తించారన్నమాట.

తప్పు వాక్యము వల్ల ప్రయోజనము

ఇంతవరకు చెప్పినవారంతా యంత్రము మంచి వాక్యాలు కూర్చాలని కోరినవారు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పనిచేసిన విక్టర్ యింగ్వే ఈ ప్రశ్నను తిరగవేశాడు. ఆయన జర్మను నుంచి ఇంగ్లీషుకు యంత్రానువాదము చేయదలచినవాడు. అందుకు ఇంగ్లీషు వ్యాకరణము యంత్రానికి అర్థమయ్యేటట్లు రాయాలి. రాసిన వ్యాకరణము సరియైనదో కాదో తెలిసేదెట్లా? రాసినవాడే ఉదాహరణలు ఇచ్చి పరీక్షిస్తే, తనకు తోచిన ఉదాహరణలే ఇస్తాడు. తోచనిచోటనే తప్పు దాగి ఉంటుంది.

అందుచేత యింగ్వే నియమాలను యంత్రానికి ఇచ్చి, ఎంపికలన్నీ యాదృచ్ఛికంగా చేయమన్నాడు. లోయిస్ లెన్‌స్కీ అనే రచయిత్రి పిల్లల కోసము రాసిన 'చిన్న రైలు' అనే పుస్తకంలోని మొదటి పది వాక్యాలను తీసుకున్నాడు. ఆ పది వాక్యాలకు చాలినన్ని నియమాలు రాసి, 'కామిట్' అనే ప్రోగ్రామింగు భాషలో పెట్టి నడిపించాడు. 1961లో ఇంగ్లండులోని టెడింగ్టన్‌లో జరిగిన యంత్రానువాద సదస్సులో ఆ ఫలితాలను వివరించాడు. పది వాక్యాల పసిపిల్లల పుస్తకము! అయినా ఆ కొద్దిపాటి ఇంగ్లీషును నియమాలలో పెట్టడము తేలిక కాలేదు. యంత్రము కూర్చిన వింత వాక్యము ప్రతి ఒక్కటీ, అది వ్యాకరణ దోషమా లేక అర్థంలోని విడ్డూరమా అని పరిశీలించదగినది. దోషమైతే, అది ఏ నియమము వల్ల వచ్చిందో వెదకి ఆ నియమాన్ని సవరించవచ్చును.

ఇందులోని మేలు ఎటువంటిదో నాకు ఒక తరగతిలో అనుభవానికి వచ్చింది. డిగ్రీ విద్యార్థులకు సంభావ్యతను గురించి చెబుతూ, పాచిక వేసి తెలుగు వాక్యాలు కూర్చే నియమాలు రాయమన్నాను. కర్తలు ఆరు: రైతు, అమ్మ, ఎద్దు, పిల్లలు, కాకులు, గురువుగారు. కర్మలు ఆరు: పొలము, గడ్డి, పాఠము, అన్నము, ఉత్తరము, చెట్టు. క్రియలు ఆరు: చూచు, తెచ్చు, మరచు, అడుగు, వదలు, వెదకు. మూడుసార్లు పాచిక వేస్తే ఒక వాక్యము. మొత్తము 216 వాక్యాలు వస్తాయి. క్రియ చివర ఏ ప్రత్యయము రావాలనేదే చిక్కు.

విద్యార్థులు మొదట రాసిన నియమము ఇది: కర్త పుంలింగమైతే 'ఆడు', స్త్రీలింగమైతే 'ఇంది', బహువచనమైతే 'ఆరు'. అందరూ తెలుగువారే. నియమము చదివి అందరూ సరేనన్నారు. పాచిక వేశారు. 'ఎద్దు గడ్డిని చూశాడు' అని వచ్చింది. ఎద్దు మగదే గదా! నియమము తాను చెప్పినట్లే చేసింది. అప్పుడు గ్రహించారు, ఏకవచనంలో తెలుగు క్రియ చూసేది ఆడా మగా అని కాదు, మనుష్యులలో పురుషుడా, మరొకటా అని. అమ్మకు, ఎద్దుకు, వానకు ప్రత్యయము ఒక్కటే.

నియమము సవరించి మళ్ళీ వేశారు. 'కాకులు చెట్టును వెదికారు' అని వచ్చింది. బహువచనంలో విభజన మారుతుంది. అక్కడ స్త్రీలు పురుషులతో చేరిపోతారు, పక్షులు, పశువులు, వస్తువులు మాత్రమే వేరుగా ఉంటాయి. 'కాకులు వెదికాయి' అనాలి. మన వ్యాకరణవేత్తలు మహత్తు, అమహత్తు అని విభజించి, స్త్రీవాచకాలను మళ్ళీ వేరుగా ఎందుకు పరిగణించారో ఆ పుస్తకము బట్టీపట్టిన రోజులలో ఎవరికీ బోధపడలేదు. ఒక కాకి వల్ల బోధపడింది.

మూడవసారి 'గురువుగారు ఉత్తరాన్ని మరిచాడు' అని వచ్చింది. తరగతి అంతా నవ్వింది. గురువుగారు ఒక్కరే. కాని గౌరవము ఆయనను బహువచనంలోకి తీసుకుపోతుంది. లింగవచనాలు చాలవు, మర్యాద కూడా నియమంలోకి రావాలి. పుట్టినది మొదలు తెలుగు మాట్లాడుతున్న నలభైమంది ఒప్పుకున్న నియమంలో మూడు దోషాలు ఒక్క పాచిక చూపించింది.

నాలుగవ వాక్యము 'ఎద్దు పాఠాన్ని మరిచింది'. ఇది తప్పా, ఒప్పా అని ఒక అమ్మాయి అడిగింది. వ్యాకరణరీత్యా ఒప్పే. మనుష్యులే పాఠము మరువగలరని మరొక నియమము చేర్చి దీనిని కూడా ఆపవచ్చును. ఆపితే పిల్లల కథలలో ఎద్దులు బడికి వెళ్ళలేవు. ఎక్కడ ఆపాలనేది యంత్రము చెప్పదు. రాసేవారే నిర్ణయించుకోవాలి.

ముగియని వాక్యము

నియమాలు రాసేవారికి మరొక గండము ఉన్నది. దీనిని ఒక ఉదాహరణతో చూద్దాము. 'తాత' అనే చోట 'దూడను చూసిన తాత' అనవచ్చును. అక్కడ దూడకు బదులు 'పిల్లను పిలిచిన దూడ' అనవచ్చును. అనగా ఒక నామానికి బదులు రెండు నామాలున్న పదబంధము వస్తుంది, ఆ రెండింటిలో ప్రతిదీ మళ్ళీ అట్లే పెరగవచ్చును. తనలోనే తాను వచ్చే ఇటువంటి నియమము లేకపోతే భాషలో వాక్యాలు లెక్కకు వచ్చినన్నే ఉంటాయి. ఉంటే మాత్రము యంత్రము ఎప్పటికి ఆగుతుంది?

పాచికతో లెక్కవేద్దాము. ఒకటి లేక రెండు పడితే పెంచుతాము, లేకపోతే ఆపుతాము. అప్పుడు సగటున ఒక పదబంధంలో రెండు నామాలే ఉంటాయి. ఒకటి నుంచి మూడు దాకా పడితే పెంచుతామంటే, పదబంధము ఎప్పుడో ఒకప్పుడు ముగియడము నిశ్చయమే, కాని సగటు నిడివికి హద్దు లేదు. ఒకటి నుంచి నాలుగు దాకా పడితే పెంచుతామంటే, అసలు ఎన్నటికీ ముగియకపోయే అవకాశము సరిగ్గా సగము. నియమంలో ఒక్క అక్షరమైనా మారలేదు. పాచికలో ఒక్క ముఖము మారింది, అంతే.

ఇది కొత్త లెక్క కాదు. ఫ్రాన్సిస్ గాల్టన్ 1873లో, వంశనామాలు ఎందువల్ల అంతరించిపోతాయని అడిగిన ప్రశ్నకు హెన్రీ వాట్సన్‌తో కలిసి 1874లో ప్రకటించిన గణితమే ఇది. ఒక్కొక్క తండ్రికి సగటున ఒక్క కొడుకు కంటె ఎక్కువ ఉంటే వంశము నిలిచే అవకాశము ఉంటుంది. ఒక్కొక్క నామానికి సగటున ఒక్క నామము కంటె ఎక్కువ పుడితే వాక్యము ముగియకపోయే అవకాశము ఉంటుంది. కాబట్టి ఏ నియమము రాయాలో తెలిస్తే చాలదు. దానిని ఎంత తరచుగా వాడాలో కూడా చెప్పాలి.

పరీక్షకుడు, మోసగాడు

యింగ్వే పద్ధతి తరువాతి కాలంలో కంప్యూటరు రంగంలో బాగా ఉపయోగపడింది. మనము రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనాన్ని కంపైలరు అంటారు. అందులోనే తప్పు ఉంటే మంచి ప్రోగ్రాము కూడా తప్పు జవాబు ఇస్తుంది. 1970లో ఐబీఎం సంస్థకు చెందిన హాన్‌ఫర్డ్, వ్యాకరణ నియమాల నుంచి యాదృచ్ఛికంగా ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్లను పరీక్షించే విధానము వివరించాడు. 2011లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 'సీస్మిత్' అనే సాధనముతో, సి భాషా కంపైలర్లలో అంతకుముందు ఎవరికీ తెలియని 325కు పైగా దోషాలను పట్టుకున్నట్లు ప్రకటించారు. అక్కడ కూడా వ్యాకరణ శుద్ధి ఒక్కటే చాలలేదు. సి భాషలో వ్యాకరణము ఒప్పుకున్నా అర్థము నిర్ణయింపబడని ప్రోగ్రాములుంటాయి. అటువంటివి పుట్టకుండా చూసే నియమాలు రాయడమే వారికి పెద్ద పని అయింది. మా తరగతిలోని ఎద్దు చిక్కే ఇది!

ఈ విద్యకు మరొక ముఖము కూడా ఉన్నది. 2005లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ విద్యార్థులు జెరెమీ స్ట్రిబ్లింగ్, మాక్స్ క్రోన్, డాన్ అగ్వాయో 'సైజెన్' అనే ప్రోగ్రాము రాశారు. చేతితో రాసిన నియమాల నుంచి అది కంప్యూటరు శాస్త్ర పరిశోధన పత్రాలను, పటాలతో సహా, యాదృచ్ఛికంగా కూరుస్తుంది. వాటిలో అర్థము ఏమీ లేదు. అటువంటి పత్రమొకటి ఆ ఏడు అమెరికాలోని ఆర్లాండోలో జరగనున్న ఒక సదస్సుకు, సమీక్ష లేకుండానే, అంగీకరింపబడింది. పరీక్షించకుండా పత్రాలు తీసుకునే సదస్సులను బయటపెట్టడమే ఆ విద్యార్థుల ఉద్దేశము. కాని ఆ ప్రోగ్రామును నిజముగానే మోసానికి వాడినవారూ ఉన్నారు. స్ప్రింగర్, ఐ.ఇ.ఇ.ఇ. సంస్థల ప్రచురణలలో ఇటువంటివి 120కి పైగా ఉన్నట్లు ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌కు చెందిన సిరిల్ లాబె కనిపెట్టాడు. 2014లో ఆ సంగతి వెల్లడి కాగా, వాటిని తొలగించారు.

లాబె వాటిని పట్టుకున్న తీరు గమనించదగినది. ఒకే నియమాల పట్టిక నుంచి వచ్చిన పత్రాలలో ఏ మాట ఎన్నిసార్లు వస్తుందనే లెక్క ఒకే తీరుగా ఉంటుంది. ఆ లెక్కలను పోల్చి, ఇవన్నీ ఒక తల్లి బిడ్డలని ఆయన తేల్చాడు. పాచిక ఎన్నిసార్లు వేసినా, నియమము తన ముద్రను వదలదు.

ఈనాటి సంగతి

నేడు మనకు పరిచయమైన పెద్ద భాషా నమూనాలు చేతితో రాసిన వ్యాకరణాలతో నడవడము లేదు. అవి మార్కోవ్, షానన్‌ల దారిని పట్టి, అపారమైన పాఠముల నుంచి ఏ మాట తరువాత ఏ మాట రావచ్చునో తామే నేర్చుకున్నవి. లెక్కలు వ్యాకరణ శుద్ధిని గుర్తించలేవన్న చోమ్‌స్కీ వాదాన్ని, 2000లో ఫెర్నాండో పెరైరా ఆయన ఉదాహరణతోనే పరీక్షించాడు. వార్తాపత్రికల పాఠముతో తయారైన ఒక చిన్న గణాంక నమూనా కూడా ఆ శుద్ధవాక్యానికి, దాన్నే తిరగవేసి రాసిన అశుద్ధ వరసకంటె రెండు లక్షల రెట్లు ఎక్కువ సంభావ్యతను ఇచ్చింది. కాబట్టి రెండు దారులలో ఏదీ మూసుకుపోలేదు.

అయినా చేతితో నియమము రాయడానికి ఒక విలువ మిగిలే ఉన్నది. నమూనా నేర్చుకున్నది దాని లోపలనే ఉంటుంది, విప్పి చదవడము కష్టము. మనము రాసిన నియమము కాగితము మీద ఉంటుంది. అది తప్పయితే ఏ పంక్తిలో తప్పో చూపవచ్చును. ఇక రెండు పద్ధతులకూ వర్తించే హెచ్చరిక ఒకటి ఉన్నది. వాక్యము నిర్దుష్టముగా ఉన్నంత మాత్రాన అది నిజము కాదు. యురేకా పద్యాలు మొదలు సైజెన్ పత్రాల దాకా ఈ చరిత్ర అంతా దానికి సాక్ష్యము. చదివేవాడు కూడా లగాడో కుర్రవాని వలె, వాక్యము వలె ఉన్నదల్లా రాసుకుంటూ పోతే మోసపోక తప్పదు.

చదువరులు ఒకసారి ఈ ప్రయోగము చేసి చూడవచ్చును. కావలసినది ఒక పాచిక, ఒక కాగితము, ఒక కలము. మీ ఇంట మాట్లాడే తెలుగులోనే ఆరు కర్తలు, ఆరు కర్మలు, ఆరు క్రియలు రాయండి. ప్రత్యయాలకు నియమము పెట్టండి. వచ్చిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్లుగా పైకి చదవమని ఎవరికైనా ఇవ్వండి. వారు చదివేటప్పుడు నోట ఏదైనా దిద్దుకున్నారా అని జాగ్రత్తగా వినండి. అక్కడ మీరు రాయని నియమము ఒకటి ఉన్నది.